ఫిరంగి సరే, లాగే బండి సంగతేమిటి?

2025 మార్చిలో రక్షణశాఖ దాదాపు రూ.6,900 కోట్ల ఒప్పందాలపై సంతకం చేసినప్పుడు వార్తలన్నీ డీఆర్‌డీవో రూపొందించిన అటాగ్స్ ఫిరంగి గురించే. అది ఎంత దూరం కొడుతుంది, ఎన్ని కొంటున్నారు అన్నదే చర్చ. ఆ ఒప్పందాల్లోనే ఫిరంగిని లాగే వాహనాలూ ఉన్నాయన్న మాట ఎక్కడో చివరి వాక్యంలో పడిపోయింది. ఫిరంగి దళంలో పనిచేసినవాణ్ని కాబట్టి నా కళ్లు ముందుగా వెతికింది ఆ వాక్యాన్నే.

బోఫోర్స్ బరువు సుమారు 12 టన్నులు. దాని ఆధారంగా మనం చేసుకున్న ధనుష్ 13. అటాగ్స్ దాదాపు 18 టన్నులు. బోఫోర్స్ గొట్టం ఆరు మీటర్లయితే దీనిది ఎనిమిది. గుండు దూరం వెళ్లడానికి ఆ పొడవే ఒక ముఖ్య కారణం. కొండదారి మలుపులో ఇబ్బంది పెట్టేదీ అదే.

నేను కుర్ర అధికారిగా ఉన్నప్పుడు ఒకసారి జోజిలా మీదుగా కశ్మీర్ లోయలోకి తిరిగొస్తున్నాం. 3,500 మీటర్ల ఎత్తు కనుమ అది. బాల్తాల్ వైపు దిగుడు నిట్టనిలువు. దారి మూసేలోగా కిందికి చేరాలని నా తొందర. బండి నడుపుతున్న హవల్దార్ మన ప్రకాశం జిల్లావాడు, నాకంటే పదేళ్లు పెద్ద. బండి నడిచినంత నెమ్మదిగా పోనిస్తున్నాడు. కాస్త వేగం పెంచమన్నాను. ‘ఎక్కిన గేరులోనే దిగాలి సార్’ అన్నాడు. ఆజ్ఞ అన్నాక తప్పుతుందా, గేరు మార్చాడు. రెండు మలుపులు దిగామో లేదో కమురు వాసన. ఒక చక్రం నుంచి పొగ. ఎలాగో కొండ వైపుకి ఒరిగించి ఆపాడు. గంటన్నర చల్లారబెట్టాక కదిలాం. అతను ఒక్క మాటా అనలేదు. అనాల్సింది.

ఎక్కేటప్పుడు కష్టం ఇంజిన్‌ది. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం దగ్గరున్న దాంట్లో మూడింట రెండొంతులే, అందుకే బండి రొప్పుతుంది. అయినా మహా అయితే ఆగిపోతుంది. ప్రమాదమంతా దిగేటప్పుడే. వెనకున్న బరువు ముందు బండిని నెడుతూనే ఉంటుంది. డ్రైవరు మాటిమాటికీ బ్రేకు తొక్కితే ఆ శక్తంతా వేడిగా మారి బ్రేకు పట్టు పోతుంది. తక్కువ గేరులో ఇంజినే బండిని పట్టి ఉంచాలి. ఫిరంగి చక్రాలకూ బ్రేకులుండాలి, గాలి గొట్టం ఊడితే అవి వాటంతటవే పట్టేయాలి. ముందు బండి ఒక్కటే ఆగి వెనకది ఆగకపోతే రెండూ మధ్యలో మడిచినట్టు అడ్డం తిరుగుతాయి. (మన ఊళ్లలో బ్రేకుల్లేని ట్రాక్టరు ట్రాలీలు చూసినప్పుడల్లా నాకు గుండె గుభేల్మంటుంది.)

గగనతలం నుంచి తరలించొచ్చు కదా అంటారు. 4 టన్నుల పైచిలుకు ఉండే ఎం777ను చినూక్ మోసుకుపోతుంది. కానీ మన దగ్గరున్న చినూక్‌లు 15. 18 టన్నుల ఫిరంగిని అవి ఎత్తలేవు. అది చక్రాల మీదే వెళ్లాలి. సరిహద్దు రహదారుల సంస్థ వంతెనలను క్లాస్ 70 స్థాయికి పెంచుతూ రావడం ఇక్కడే అక్కరకొస్తుంది. సే లా సొరంగం 2024లో తెరుచుకుంది. జోజిలా కింద 13 కిలోమీటర్ల సొరంగం పూర్తయితే నేను భయపడ్డ దిగుడు సైన్యానికి తప్పుతుంది. అయినా ఫిరంగిని మోహరించేది హైవే మీద కాదు, పక్కదారి పట్టి చేరే ఏ గుట్ట వెనకో. అక్కడికి సొరంగాలుండవు.

అందుకే కొత్త వాహనాలు వచ్చినప్పుడు చూడాల్సింది ఎంత వాలు ఎక్కిందన్న లెక్క ఒక్కటే కాదు. పూర్తి బరువు తగిలించి, మంచు కరుగుతున్న దారిలో, గంటసేపు ఆగకుండా దిగాక బ్రేకులు ఎలా ఉన్నాయో చూడాలి. ఆ పరీక్షలో స్టీరింగు ముందు కూర్చోవలసింది కంపెనీ డ్రైవరు కాదు, రేపు దాన్ని నడపబోయే సిపాయి. ‘ఇక ఆపాలి’ అని అతనంటే, పక్కనున్న అధికారి ఎవరైనా సరే, బండి ఆగాలి.