పాత పోస్టర్‌... హక్కులు ఎవరివి?

పాత వాల్‌పోస్టర్‌ను స్కాన్‌ చేసి, మంచి కాగితంమీద ప్రింటు తీసి, ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెడితే కొనేవాళ్లకు కొదవలేదు. కానీ పాతదైనంత మాత్రాన అది అందరిదీ అయిపోదు. ఒకవేళ అందరిదీ అయితే... అమ్మేవాళ్లకు అదో కొత్త తలనొప్పి!

ఇంగ్లండ్‌లోని ఆనిక్‌ పట్టణంలో, ఒకప్పటి రైల్వేస్టేషన్‌ భవనంలో 'బార్టర్‌ బుక్స్‌' అనే పాత పుస్తకాల దుకాణం ఉంది. 2000లో దాని యజమానులు వేలంలో కొన్న ఓ పుస్తకాల పెట్టెను ఖాళీ చేస్తుంటే అడుగున మడతపెట్టిన ఎర్రటి పోస్టర్‌ కనిపించింది. పైన కిరీటం, కింద తెల్లటి అక్షరాల్లో 'కీప్‌ కామ్‌ అండ్‌ క్యారీ ఆన్‌'... కంగారుపడకుండా మీ పని మీరు చేసుకోండి అని అర్థం. రెండో ప్రపంచయుద్ధం వేళ ప్రజలకు ధైర్యం చెప్పడానికి 1939లో బ్రిటిష్‌ ప్రభుత్వం దాదాపు 24.5 లక్షల కాపీలు అచ్చువేయించింది. వాటిలో చాలావరకూ గోడలెక్కకుండానే మళ్లీ కాగితపు గుజ్జుగా మారిపోయాయి.

దొరికిన ఆ ఒక్క పోస్టర్‌కీ ఫ్రేము కట్టించి దుకాణంలో తగిలిస్తే, వచ్చినవాళ్లంతా 'అమ్ముతారా?' అని అడగడం మొదలుపెట్టారు. దాంతో 2001 నుంచి నకళ్లు వేయించి అమ్మారు. 2005లో ఓ దినపత్రిక వారాంతపు అనుబంధం క్రిస్మస్‌ కానుకల్లో దాన్నీ సూచించేసరికి ఆర్డర్లు వెల్లువెత్తాయి.

ఉచితమే... చిక్కు!
ఆ నకళ్లకు ఎవరూ అడ్డుచెప్పలేదు. అది ప్రభుత్వ పోస్టర్‌. దానిమీద ఉన్న హక్కు 50 ఏళ్లకే ముగిసిపోయింది. అయితే, ఎవరి అనుమతీ అక్కర్లేదంటే పక్కవాడికీ అక్కర్లేదనేగా! చూస్తుండగానే అదే వాక్యం కప్పులమీదా టీషర్టులమీదా తాళంచెవుల గొలుసులమీదా ప్రత్యక్షమైంది. 2011లో ఒక కంపెనీ ఏకంగా దాన్ని యూరోపియన్‌ యూనియన్‌లో ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోవడంతో వ్యాపారుల మధ్య వివాదం రేగింది. కాపీరైట్‌ గడువు తీరినా ట్రేడ్‌మార్కు రూపంలో మరో తలుపు మూసుకోవచ్చన్నమాట.

పాత పోస్టర్ల వ్యాపారంలో అసలు మెలిక ఇదే. హక్కులున్న బొమ్మను అమ్మితే నోటీసు వస్తుంది. హక్కుల్లేని బొమ్మను అమ్మితే పోటీ వస్తుంది!

సినిమా వేరు... పోస్టర్‌ వేరు
మనదగ్గర రవివర్మ బొమ్మలది ఈ రెండో కోవ. ఆయన 1894లో ముంబయిలో అచ్చుయంత్రాలు పెట్టించి, దేవతల చిత్రాలను ఇంటింటికీ చేర్చారు. 1906లో మరణించారు. చిత్రకారుడు పోయాక మరో 60 ఏళ్లు హక్కు ఉంటుందన్నది మన చట్టం లెక్క. ఆ గడువు ఎప్పుడో దాటింది కాబట్టి రవివర్మ లక్ష్మినీ సరస్వతినీ ఎవరైనా అచ్చువేసుకోవచ్చు.

సినిమా పోస్టర్ల దగ్గరే చాలామంది పొరబడతారు. 'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. సినిమాకు విడుదలయ్యాక 60 ఏళ్లే కాబట్టి ఆ లెక్కన 2022తో గడువు తీరింది. కానీ పోస్టర్‌ సినిమాలో భాగం కాదు, చట్టం దృష్టిలో అదో కళాఖండం. దానికి లెక్క మొదలయ్యేది చిత్రకారుడి మరణం నుంచి. ఉదాహరణకు తెలుగు సినిమాలకు ఎన్నో పోస్టర్లు రూపొందించిన ఈశ్వర్‌ 2021లో కన్నుమూశారు. అంటే ఆయన చేత్తో గీసిన బొమ్మలకు 2081 చివరిదాకా రక్షణ ఉన్నట్టే. గీసినవారి పేరు తెలియని బొమ్మలకైతే ప్రచురించిన నాటినుంచి 60 ఏళ్లు.

మరి అనుమతి ఎవరినడగాలి? డబ్బిచ్చి గీయించుకున్న బొమ్మకు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, గీయించుకున్నవారే తొలి హక్కుదారు. అంటే చాలా సందర్భాల్లో నిర్మాతా, ఆ తరవాత ఆయన వారసులో, హక్కులు కొన్నవారో.

కొన్నా మీది కాదు
'వేలు పోసి అసలు పోస్టరే కొన్నాను, నకళ్లు తీసుకుంటే తప్పేంటి?' అనేవాళ్లూ ఉంటారు. కొన్నది కాగితాన్ని మాత్రమే. గోడకు తగిలించుకోవచ్చు, తిరిగి అమ్ముకోవచ్చు. నకళ్లు తీసి అమ్మే హక్కు మాత్రం దాంతోపాటు రాదు. తెలిసీ ఆ పని చేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉండొచ్చు.

ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్లకు మరో సంగతి. సరకు ఏ దేశానికి వెళ్తే అక్కడి చట్టాన్నీ చూసుకోవాలి. 1962 నాటి పోస్టర్‌కు మనదగ్గర గడువు తీరినా, అమెరికాలో 95 ఏళ్ల లెక్కన 2057 చివరిదాకా రక్షణ ఉండే అవకాశం ఉంది. డల్లాస్‌లోని తెలుగువాళ్లు ముచ్చటపడి అడిగినా, పార్సిల్‌ కట్టేముందు ఆ లెక్క చూసుకోక తప్పదు.

మరి హక్కుల్లేని బొమ్మను వందమంది అమ్ముతుంటే మనదగ్గరే ఎందుకు కొనాలి? మసకబారిన రంగులను ఓపిగ్గా సరిదిద్దడం, ఏళ్లు గడిచినా వెలవని సిరా, మన్నికైన కాగితం, బొమ్మ వెనక కథ నాలుగు ముక్కల్లో చెప్పడం... తేడా చూపించేవి ఇవే. అన్నిటికంటే ముందు, 'ఇది అసలు కాదు, నకలు' అని స్పష్టంగా రాయాలి. నకలును నకలుగా కొనేవాళ్లు బోలెడుమంది. అసలని నమ్మి మోసపోయినవాళ్లు మాత్రం ఆ గుమ్మం మళ్లీ తొక్కరు.