చెర్రీ పూల కాలంలో జపాను వెళుతున్నారా?

"డాక్టరు గారూ, జపాను పూలు నాకు పడతాయంటారా?" అని అడిగారు మొన్న ఒక పెద్దావిడ. రిటైరయిన టీచరు. పదకొండేళ్లుగా చక్కెర వ్యాధి, దానికి తోడు రక్తపోటు. కొడుకు టోక్యోలో ఇంజనీరు. మార్చి నెలాఖరున చెర్రీ పూలు చూద్దురుగాని రమ్మని టిక్కెట్లు కొన్నాడు. ఏటా ఆ పూల రోజుల్లోనే అతనికి ఒకటే తుమ్ములు, కళ్ల దురదలు. ఆవిడ భయం అదీ.

పూల తప్పేమీ లేదమ్మా అన్నాను. చెర్రీ పుప్పొడిని తేనెటీగలు మోసుకుపోవలసిందే కాని, గాలికి లేచి మన ముక్కులో దూరదు. అసలు దొంగ సుగి అనే చెట్టు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత కలప కోసం కొండల నిండా నాటారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దాని పుప్పొడి గాలిలో ఎంతో దూరం వస్తుంది. అది తగ్గేసరికి హినోకి అనే మరో చెట్టు అందుకుంటుంది. మధ్యలో చెర్రీలు పూస్తాయి కనుక నింద వాటి మీద పడుతోంది.

పైగా ఇటువంటి ఎలర్జీ సాధారణంగా మొదటి రోజే రాదు. ఆ పుప్పొడి ఒంటికి కొన్నాళ్లు అలవాటు పడ్డాక వస్తుంది. ఆరేళ్లుగా అక్కడున్న కొడుక్కి వచ్చినా, పది రోజులకు వెళ్లే తల్లికి రాకపోవచ్చు. ఉబ్బసం ఉన్నవారు మాత్రం పీల్చే మందు చేతిసంచీలోనే ఉంచుకోవాలి.

జలుబు మాత్రలు తోచినవల్లా మూట కట్టుకోకండి. సూడోఎఫెడ్రిన్ పది శాతానికి మించి ఉన్న మందుల్ని జపానులోకి రానివ్వరు. రక్తపోటు ఉన్నవారికి ఆ మందు ఇక్కడైనా మంచిది కాదు. చీటీ మీద వాడే మందులు నెలకు సరిపడా మించితే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇన్సులిన్ పెద్ద పెట్టెలో పెడితే విమానంలో గడ్డకట్టి పాడు కావచ్చు, చేతిసంచీలో పెట్టుకోండి.

తరువాత ఆవిడ కాళ్లు చూశాను. దూదితో తాకితే అరికాళ్లకు తెలియడం లేదు. నా భయం ఇదీ! ఉయెనో పార్కులాంటి చోట పూలు చూడడమంటే రోజంతా నడకే. వెనుక ఒక పెద్దాయన కొత్త బూట్లతో విదేశం తిరిగి, మడమ మీద బొబ్బతో వచ్చాడు. నొప్పి లేదుగదా అని పది రోజులు ఊరుకున్నాడట. అది పుండై, చీము పట్టి, నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

అందుకని బూట్లు ఇప్పుడే కొని ఇంట్లో అలవాటు చేసుకోమన్నాను. అక్కడివారు తొట్టి స్నానానికి నలభై డిగ్రీల పైన వేడి నీళ్లు వాడతారు. తిమ్మిరి కాళ్లకు ఆ వేడి తెలియదు. మోచేయి ముంచి చూశాకే దిగాలి. చలికి ఒంటికి అంటించుకునే వేడి పొట్లాలు అమ్ముతారు. వాటిని పాదాలకు అసలు పెట్టకూడదు. సాయంత్రం చెట్ల కింద చాపల మీద కూర్చుంటే చలి వేస్తుంది, స్వెట్టరు ఉండాలి. సకురా మోచి అనే పిండివంట లోపల తీపి, చుట్టిన ఆకు ఉప్పులో ఊరినది. ఒకటి రుచి చూడండి, చాలు. అంబులెన్సుకు అక్కడ 119.

రోజూ రాత్రి ఎవరిచేతనైనా అరికాళ్లు దీపం వెలుతురులో చూపించుకోవాలన్నాను. కోడలిచేత కాళ్లు పట్టించడం మొహమాటం అన్నారావిడ. మరి కొడుకున్నాడుగా అన్నాను.