గోల్ఫ్ బంతి వంపు: స్లైస్, హుక్ దోషాల కారణాలు, సవరణ క్రమం

ఉపోద్ఘాతం

గోల్ఫ్ ఆటలో కొట్టిన బంతి గురిని విడిచి పక్కకు వంగిపోవడం అభ్యాసకులందరికీ పరిచితమైన దోషం. కుడిచేతివాటం ఆటగాడు కొట్టిన బంతి గాలిలో కుడివైపుకు వంగితే ‘స్లైస్’ అనీ, ఎడమవైపుకు తీవ్రంగా వంగితే ‘హుక్’ అనీ అంటారు. ఎడమచేతివాటం వారికి ఈ దిక్కులు తారుమారవుతాయి. వీటికి చెప్పే చిట్కాలకు కొదవ లేదు. తల ఎత్తవద్దని ఒకరు, మెల్లగా కొట్టమని మరొకరు చెబుతారు. విచిత్రమేమంటే, శిక్షణలో దశాబ్దాలపాటు బోధించిన కారణమే చాలావరకు తప్పు. దానిని నమ్మి సవరించుకున్న ఆటగాడికి స్లైస్ తగ్గకపోగా పెరిగే సందర్భాలూ ఉన్నాయి. అసలు కారణమేమిటో, దానినుంచి సవరణ క్రమం ఎలా ఏర్పడుతుందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. సౌలభ్యం కోసం ఉదాహరణలన్నీ కుడిచేతివాటం ఆటగాడికి వర్తించేవిగా ఇవ్వడమైనది.

బంతి వంగడానికి మూలం

తిరుగుతున్న బంతి గాలిలో వంగుతుందన్న పరిశీలన పాతదే. టెన్నిస్ బంతిని ఏటవాలుగా కొట్టినప్పుడు అది వంపు తిరగడాన్ని న్యూటన్ 1672 నాటి కాంతి సంబంధమైన లేఖలోనే ప్రస్తావించాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ ఆచార్యుడు పీటర్ గథ్రీ టెయిట్ 1890ల్లో గోల్ఫ్ బంతి గమనాన్ని వరుస వ్యాసాల్లో చర్చించాడు. ఆయన ప్రయోగం చాలా సరళమైనది. పొడవైన నాడా ఒక కొసను బంతికి, మరొక కొసను నేలకు బిగించి, కొద్ది అడుగుల దూరంలోని బంకమట్టిలోకి ఆ బంతిని కొట్టించాడు. నాడాలో పడిన మెలికలను లెక్కిస్తే బంతి ఎన్నిసార్లు తిరిగిందో తెలిసింది. ఆయన కుమారుడు ఫ్రెడ్డీ టెయిట్ 1896, 1898 సంవత్సరాల్లో బ్రిటిష్ అమెచ్యూర్ విజేత. ఈ పరిశోధనకు కావలసిన ఆటగాడు ఇంట్లోనే ఉన్నాడన్నమాట.

గోల్ఫ్ క్లబ్బు ముఖం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు వల్ల బంతి ముందుకు దూసుకుపోతూనే వెనక్కి తిరుగుతుంది. ఈ భ్రమణం చుట్టూ ఉన్న గాలిని కిందికి మళ్ళిస్తుంది, ప్రతిచర్యగా బంతికి పైకి ఎత్తే బలం లభిస్తుంది. దీనినే మాగ్నస్ ప్రభావం అంటారు. భ్రమణాక్షం నేలకు సమాంతరంగా ఉంటే ఆ బలం నిట్టనిలువుగా పనిచేస్తుంది. అక్షం ఒక పక్కకు ఒరిగితే బలమూ అటే ఒరిగి, బంతి ఆ వైపుకు వంగుతుంది. ఆఫ్ స్పిన్నర్ వేసిన బంతి నేలను తాకకముందే గాలిలో పక్కకు జరగడం వెనుక ఉన్న సూత్రమూ ఇదే. వాడుకలో ‘సైడ్ స్పిన్’ అనే వేరొక భ్రమణం ఉన్నట్లు మాట్లాడతారు గాని, బంతికి ఉండేది ఒకే భ్రమణం, ఒకే అక్షం.

డ్రైవర్‌తో దారుణంగా స్లైస్ చేసే ఆటగాడే తొమ్మిదో నంబరు ఐరన్‌తో దాదాపు తిన్నగా కొట్టగలగడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. డ్రైవర్ ముఖపు వాలు సుమారు 10 డిగ్రీలు, తొమ్మిదో ఐరన్ వాలు 40 డిగ్రీలకు అటూఇటూ. వాలు పెరిగినకొద్దీ వెనుక భ్రమణం బలపడుతుంది కాబట్టి అదే దోషానికి అక్షం తక్కువగా ఒరుగుతుంది. ఐరన్ బాగా పలుకుతోంది గనుక స్వింగులో లోపం లేదనుకోవడం సరికాదు.

పాత సూత్రం, కొత్త కొలతలు

క్లబ్బుకూ బంతికీ స్పర్శ నిలిచేది సెకనులో సుమారు రెండువేలవ వంతు కాలం. ఆ క్షణంలో క్లబ్బు ముఖం చూసే దిశను ముఖదిశ అనీ, క్లబ్బు తల కదిలే దిశను మార్గదిశ అనీ వ్యవహరించవచ్చు. బంతి మార్గదిశలో బయలుదేరి ముఖదిశ వైపు వంగుతుందన్నది పాత సూత్రం. ఇది తిరగబడవలసినదని కాక్రన్, స్టాబ్స్ 1968లోనే తమ ‘సెర్చ్ ఫర్ ది పర్‌ఫెక్ట్ స్వింగ్’ గ్రంథంలో చూపించినా శిక్షణరంగం పెద్దగా పట్టించుకోలేదు. ఈ శతాబ్దంలో ట్రాక్‌మ్యాన్ వంటి రాడార్ పరికరాలు వచ్చాకే విషయం స్థిరపడింది. బయలుదేరే దిశలో ముఖదిశ పాలు డ్రైవర్‌కు సుమారు 85 శాతం, ఐరన్‌లకు సుమారు 75 శాతం. బంతి వంగేది మాత్రం మార్గదిశకూ ముఖదిశకూ మధ్య ఉన్న తేడాను బట్టి.

ఒక ఉదాహరణ. డ్రైవర్ మార్గదిశ గురికి 6 డిగ్రీలు ఎడమకు, ముఖదిశ 2 డిగ్రీలు ఎడమకు ఉన్నాయనుకుందాం. బంతి సుమారు రెండున్నర డిగ్రీలు ఎడమగా బయలుదేరుతుంది. కాని మార్గంతో పోలిస్తే ముఖం 4 డిగ్రీలు కుడికి తెరుచుకుని ఉంది కాబట్టి కుడికి వంగుతుంది. బంతి కుడికి పోతోందని ఆటగాడు భుజాలను, పాదాలను ఇంకా ఎడమకు తిప్పి నిలబడతాడు. మార్గదిశ మరింత ఎడమకు జరుగుతుంది, చేతులు మాత్రం ముఖాన్ని గురివైపే ఉంచడానికి ప్రయత్నిస్తాయి. తేడా 4 నుంచి 7కో 8కో పెరుగుతుంది. రోగం ముదిరేది ఈ మందుతోనే.

కుడి, ఎడమ అనే మాటలతోనే ఇదంతా చెబితే గందరగోళం తప్పదు. పై ముఖం గురితో పోలిస్తే మూసుకుని, మార్గంతో పోలిస్తే తెరుచుకుని ఉంది. తెలుగులో వివరించేటప్పుడు దేనితో పోల్చి చెబుతున్నామో ప్రతిసారీ పలకడం అవసరం.

స్లైస్ సవరణ

ముందుగా బంతి ముఖం మధ్యలో తగులుతోందో లేదో చూసుకోవాలి. డ్రైవర్ ముఖంపై పౌడరు చల్లి కొడితే బంతి గుర్తు పడుతుంది. పిడికి దగ్గరగా, అంటే మడమ వైపు తగిలిన బంతి, మిగిలినదంతా సరిగా ఉన్నా స్లైస్ వైపుకే తిరుగుతుంది. ఈ పరీక్ష చేయకుండా స్వింగు మార్చుకోవడం వృథా శ్రమ.

తరువాతిది పట్టు. ఎడమచేతి మెటికలు పైనుంచి చూస్తే రెండు, మూడు కనిపించాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే గీత కుడిభుజం వైపు చూపాలి. దీనిని ఇంగ్లీషు పరిభాషలో ‘స్ట్రాంగ్ గ్రిప్’ అంటారు. ‘గట్టి పట్టు’ అని అనువదిస్తే అర్థం తలకిందులవుతుంది. ఇక్కడ ‘స్ట్రాంగ్’ అంటే చేతులు పిడిపై కుడికి తిరిగి ఉండటమే, బిగింపు కాదు. పిడిని బిగించి పట్టుకుంటే మణికట్లు స్వేచ్ఛగా తిరగక ముఖం తెరుచుకునే ఉండిపోతుంది. ‘కుడికి తిప్పిన పట్టు’ అనడమే క్షేమం.

మార్గదిశ సవరణ కష్టతరమైనది. స్వింగు పైనుంచి దిగేటప్పుడు భుజాలు ముందుగా తిరిగితే క్లబ్బు బయటినుంచి లోపలికి కోస్తూ వస్తుంది. నడుము కింది భాగం ముందు కదిలి, చేతులు ఆ వెనుక దిగాలి. బంతికి అవతలి పక్కన, కొంచెం వెనుకగా, క్లబ్బు తొడుగును ఉంచి దానిని తాకకుండా కొట్టడం ఉపయుక్తమైన అభ్యాసం. సగం స్వింగుతో, మధ్యస్థ ఐరన్‌తో ప్రారంభించాలి.

ముఖం, మార్గం రెండింటినీ ఒకేసారి మార్చకూడదు. బంతి మొదటినుంచే కుడిగా బయలుదేరుతుంటే ముఖం, పట్టు ముందు. గురివైపుకో ఎడమకో బయలుదేరి కుడికి వంగుతుంటే మార్గం ముందు.

హుక్

ఇది సాధారణంగా కొంత నైపుణ్యం వచ్చాక పట్టుకునే దోషం. మార్గం అతిగా లోపలినుంచి బయటికి సాగడం, దానితో పోలిస్తే ముఖం మూసుకుపోవడం దీని లక్షణాలు. పట్టు అతిగా కుడికి తిరిగి ఉండటం, దేహం తిరగడం ఆగిపోయి చేతులే ముఖాన్ని తిప్పేయడం కారణాలు. అమెరికా ఆటగాడు బెన్ హోగన్ తొలినాళ్ళలో హుక్‌తో సతమతమయ్యాడు. ఎడమచేతి పట్టును ఎడమకు జరిపి, స్వింగు పైభాగంలో ఎడమ మణికట్టును వెనక్కి వంచి దానిని అదుపు చేసుకున్నాడు. 1955లో ‘లైఫ్’ పత్రికలో ఈ కిటుకును వెల్లడించాడు. 1957లో వెలువడిన ఆయన ‘ఫైవ్ లెసన్స్’ గ్రంథంలోని పట్టు కూడా హుక్ భయంతో రూపొందినదే. స్లైస్ చేసే అభ్యాసకుడు ఆ పుటలను యథాతథంగా అనుసరిస్తే తనకు లేని జబ్బుకు మందు వేసుకున్నట్టే. హుక్ ఉన్నవారు మాత్రం ఎడమచేతి మెటికలు రెండుకు మించి కనిపించకుండా పట్టును సరిచూసుకుని, బంతి వెళ్ళిపోయాక కూడా ఛాతీ గురివైపుకు తిరుగుతూనే ఉండేలా అభ్యసించవచ్చు.