అడిగింది మనమే, వచ్చింది అదేనా?

మన హాస్టల్‌లో చదివి కండ్లకోయ ఇంజినీరింగ్ కాలేజీల్లో చేరే తమ్ముళ్లకు ల్యాబులో ఓ నల్లని తెర ఎదురవుతుంది. అక్కడ మౌసుతో పనిలేదు, ఆదేశాలు టైపు చేయాలి. ఇదే కమాండ్ లైన్. దూరాన ఉన్న సర్వర్‌ను మన తరఫున పని అడిగే సాఫ్ట్‌వేర్ పేరు క్లయింట్.

దొంగల కన్ను సర్వర్ మీదే ఉంటుందని చాలామంది అనుకుంటారు. కానీ అడిగేవారికీ ప్రమాదముంది. ఎస్‌సీపీ అనే క్లయింట్ సంగతే చూడండి. సర్వర్ నుంచి ఫైళ్లు తేవడం దాని పని. దాని మూలం 1983 నాటి ఆర్‌సీపీ. హాస్టల్‌కు సరుకులు వస్తే ఇండెంటుతో సరిచూశాకే స్టోరులో దించుకుంటాం కదా! ఎస్‌సీపీ అలా సరిచూసేది కాదు. మనం ఒక ఫైలు అడిగితే, మోసపు సర్వర్ మరొకటి పంపి మన పాత ఫైలు స్థానంలో పెట్టేయగలిగేది.

హ్యారీ సింటోనెన్ కనిపెట్టిన ఈ లోపం 2019 జనవరిలో వెల్లడైంది. అదే ఏప్రిల్‌లో వచ్చిన ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ 8.0లో పేర్లు సరిచూసే ఏర్పాటు చేశారు. 2022లో వచ్చిన 9.0 నుంచి ఎస్‌సీపీ మామూలుగా ఎస్‌ఎఫ్‌టీపీ పద్ధతిలోనే ఫైళ్లు తెస్తోంది.

తమ్ముళ్లూ! రేపు ఉద్యోగంలో మీ కంప్యూటరే కంపెనీ సర్వర్లకు దారి అవుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయండి. తెలియని సర్వర్ ఇచ్చే ఫైళ్లను ఖాళీ ఫోల్డర్‌లోకే దించండి. తెర మీద హెచ్చరిక అర్థం కాకపోతే 'ఎస్' కొట్టకుండా సారును అడగండి. అడగడంలో నామోషీ లేదు.