21 రోజులు, 10 గంటలు: డ్రైవింగ్ స్కూల్ వ్యాపారంలో అసలు లెక్క

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో తెల్లవారుజామున రోడ్డు మీదకు వస్తే ముందుగా కనబడేవి 'ఎల్' బోర్డు కార్లే. ట్రాఫిక్ పెరగకముందే రెండు మూడు బ్యాచ్‌లు పూర్తి చేసుకోవాలని స్కూళ్ల తొందర. నేర్చుకునేవాళ్లలో ఉద్యోగులు, గృహిణులు, కాలేజీ పిల్లలు, గల్ఫ్‌కి డ్రైవర్‌గా వెళ్లాలనుకునే యువకులు అందరూ ఉంటారు. ఒక పాత కారు, ఒక చిన్న గది ఉంటే చాలు, డ్రైవింగ్ స్కూల్ నడిచిపోతుందని చాలామంది అనుకుంటారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన డ్రైవర్లకు కూడా మొదట తట్టే ఆలోచన ఇదే. కానీ దిగే ముందు చట్టం ఏం అడుగుతుందో, లెక్క ఎక్కడ తేడా కొడుతుందో తెలుసుకోవాలి. ఫీజు కట్టి నేర్చుకునే కుటుంబాలకూ ఈ లెక్క తెలిస్తే మోసపోకుండా ఉంటారు.

చట్టం ఏం అడుగుతుంది?

డ్రైవింగ్ స్కూళ్లకు ఆధారం 1988 మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 12. వివరాలన్నీ 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో, 24వ నియమం నుంచి ఉంటాయి. లైసెన్స్ లేకుండా డబ్బు తీసుకుని డ్రైవింగ్ నేర్పించడం కుదరదు. దరఖాస్తు ఫారం 12లో పెట్టాలి. లైసెన్స్ ఫారం 11లో వస్తుంది. కేంద్రం నిర్ణయించిన ఫీజు 10,000 రూపాయలు. లైసెన్స్ గడువు ఐదేళ్లు, ఆ తర్వాత రెన్యూవల్ చేయించుకోవాలి.

స్థలం సొంతదైనా, అద్దెదైనా పర్వాలేదు. పాఠం చెప్పడానికి గది, బండ్లు నిలపడానికి చోటు మాత్రం ఉండాలి. బండి దరఖాస్తుదారు పేరు మీదే రిజిస్టర్ అయి ఉండాలి, నేర్పించడానికే వాడాలి. అంటే పొద్దున స్కూల్ బండి, సాయంత్రం పెళ్లి కిరాయి అంటే కుదరదు. కారుకి డ్యూయల్ కంట్రోల్ తప్పనిసరి. నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉండాలన్నమాట. గదిలో బ్లాక్‌బోర్డు, ట్రాఫిక్ గుర్తుల చార్టు, ఇంజిన్, గేర్‌బాక్స్ లాంటి నమూనాలు పెట్టాలి.

చాలామంది దరఖాస్తులు ఆగిపోయేది ఇన్‌స్ట్రక్టర్ అర్హత దగ్గర. పదో తరగతి పాసై ఉండాలి, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం ఉండాలి. దాంతోపాటు మోటార్ మెకానిక్స్‌లో సర్టిఫికెట్ గానీ, మెకానికల్ ఇంజనీరింగ్‌లో అంతకంటే పెద్ద చదువు గానీ కావాలి. రియాద్‌లో పదిహేనేళ్లు స్టీరింగ్ పట్టినా, ఆ సర్టిఫికెట్ లేకపోతే కాగితం మీద ఇన్‌స్ట్రక్టర్ కాలేరు. అలాంటివాళ్లు ఐటీఐలో ఆ కోర్సు చదివిన తమ్ముడినో, బావమరిదినో కలుపుకుని మొదలుపెట్టడం తెలివైన పని.

అసలు కీలకం 31వ నియమంలో ఉంది. సొంత కారు నడపడానికి నేర్చుకునేవాళ్లకు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, స్టీరింగ్ పట్టి నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. రవాణా బండ్లకైతే 30 రోజులు, 15 గంటలు. ఎవరు ఏ రోజు ఎంతసేపు నడిపారో ఫారం 15లో రాయాలి.

లెక్క వేసి చూద్దాం

ఒక్క కారు, ఒక్క ఇన్‌స్ట్రక్టర్ ఉన్న చిన్న స్కూల్‌ని ఉదాహరణగా తీసుకుందాం. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి మాత్రమే. ఊరిని బట్టి మారతాయి.

బండి రోజుకి 8 గంటలు, నెలకి 25 రోజులు తిరిగితే 200 గంటలు. ఒక్కొక్కరికి నియమం ప్రకారం 10 గంటలు ఇస్తే నెలకి 20 మందికే నేర్పగలరు. తలకి ఫీజు 5,000 అనుకుంటే రాబడి లక్ష రూపాయలు.

ఇప్పుడు ఖర్చు. ఫస్ట్, సెకండ్ గేర్లలో ఆగుతూ సాగే బండి ఎక్కువ తాగుతుంది. గంటకి 12 కిలోమీటర్లు, లీటరుకి 12 కిలోమీటర్లు, పెట్రోల్ లీటరు 110 రూపాయలు అనుకుంటే ఒక్కో విద్యార్థికి 1,100 రూపాయల పెట్రోల్. ఇది మనిషిని బట్టి పెరిగే ఖర్చు. మనుషులు వచ్చినా రాకపోయినా కట్టాల్సినవి వేరే ఉన్నాయి. ఇన్‌స్ట్రక్టర్ జీతం 18,000, గది అద్దె 10,000, ఆఫీసులో ఒక మనిషికి 8,000, కారు వాయిదా 12,000, ఇన్సూరెన్స్, రిపేర్లు, క్లచ్ ప్లేట్లకు కలిపి 8,000. మొత్తం 56,000.

ఫీజులో పెట్రోల్ పోగా ఒక్కొక్కరి మీద మిగిలేది 3,900. 56,000ని 3,900తో భాగిస్తే 14 దాటుతుంది. అంటే పదిహేనో విద్యార్థి చేరేదాకా యజమాని జేబులోకి రూపాయి రాదు. 20 మంది నిండితే మిగిలేది 22,000. పది మందే వస్తే 17,000 నష్టం. వేసవి సెలవుల్లో బ్యాచ్‌లు నిండుతాయి. వానలు మొదలైనా, పరీక్షలు దగ్గరపడినా తగ్గుతాయి. అందుకే మంచి నెలల్లో వచ్చింది మొత్తం ఖర్చు పెట్టేసినవాళ్లు ఏడాది తిరగకుండా బోర్డు పీకేస్తారు.

కోత మొదలయ్యేది ఇక్కడే

అదే స్కూల్ ఒక్కొక్కరికి 10 గంటల బదులు 6 గంటలే ఇచ్చిందనుకోండి. అదే 200 గంటల్లో 33 మంది పడతారు. రాబడి 1,65,000. బండి తిరిగేది అంతే కాబట్టి పెట్రోల్ అదే 22,000, మిగతా ఖర్చు అదే 56,000. యజమానికి మిగిలేది 22,000 కాదు, 87,000. అరగంట క్లాసు ఇరవై నిమిషాలు కావడం, బండిలో ముగ్గుర్ని ఎక్కించి ఒకళ్లు నడుపుతుంటే మిగతావాళ్లు 'చూసి నేర్చుకోండి' అనడం, వీటన్నిటి వెనక ఉన్నది ఈ తేడానే. కిలో డబ్బులు తీసుకుని ఆరు వందల గ్రాములు తూచినట్టే ఇది. పైగా కూరగాయల్లో తగ్గితే కూర తగ్గుతుంది, స్టీరింగ్ మీద గంటలు తగ్గితే 16వ నంబరు జాతీయ రహదారి మీద ప్రాణం మీదకొస్తుంది. రణస్థలం దగ్గరో, టెక్కలి దగ్గరో లారీల మధ్య మొదటిసారి లేన్ మారేటప్పుడు ఆ నాలుగు గంటల విలువ తెలుస్తుంది.

నిజాయితీగా లాభం పెంచుకునే దారులు లేకపోలేదు. రెండో కారు వచ్చినా గది అద్దె, ఆఫీసు మనిషి ఖర్చు అంతే ఉంటుంది కాబట్టి తల ఖర్చు తగ్గుతుంది. మన ఇళ్లల్లో ఆడపిల్లలకు ఆడ ఇన్‌స్ట్రక్టర్ అయితేనే పంపుతామనే తల్లిదండ్రులు ఎక్కువ. అర్హత ఉన్న ఒక మహిళను పెట్టుకుంటే మధ్యాహ్నం ఖాళీగా ఉండే గంటలు నిండుతాయి. వడ్డీ వద్దనుకునే కుటుంబాలు అన్నదమ్ములు, బంధువులు కలిసి పెట్టుబడి పెట్టి లాభనష్టాలు పంచుకోవచ్చు. అప్పుడు వాయిదా ఉండదు కానీ భాగస్వామి వాటా ఉంటుంది. ఎవరిది ఎంత, నష్టం వస్తే ఎవరు ఎంత భరించాలి అన్నది మొదటిరోజే కాగితం మీద రాసుకోవాలి. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా తప్పదు.

'స్కూల్లోనే లైసెన్స్' నిజమేనా?

2024 జూన్ 1 నుంచి ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లక్కర్లేదు, డ్రైవింగ్ స్కూల్లోనే టెస్టు అయిపోతుంది అని ఫోన్లలో బాగా తిరిగింది. ఆ తేదీ నుంచి నియమాల్లో ఏ మార్పూ లేదని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖే వివరణ ఇచ్చింది. టెస్టు మినహాయింపు ఉన్నది 2021 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు మాత్రమే. వాటికి చిన్న బండ్లకైతే ఎకరం, పెద్ద బండ్లకైతే రెండెకరాల స్థలం, సిమ్యులేటర్, టెస్ట్ ట్రాక్ ఉండాలి. కారు కోర్సు 29 గంటలు, అందులో 21 గంటలు బండి మీద. మామూలు స్కూల్ ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్‌తో టెస్టు తప్పదు. ఎక్కడ నేర్చుకున్నా లైసెన్స్ ఇచ్చేది రవాణా శాఖే. 'టెస్టు లేకుండా చేయిస్తాం' అని అదనంగా డబ్బు అడిగే స్కూల్‌కి దూరంగా ఉండడం మంచిది.

లారీ స్టీరింగ్ పట్టాలనుకునేవాళ్లకు

లారీలకు పేరున్న ఊరు సాలూరు. 2022 దాకా విజయనగరం జిల్లాలో ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది. ఆ వైపు కుర్రాళ్లు క్లీనర్‌గా చేరి, మెల్లగా స్టీరింగ్ నేర్చుకోవడం పాత పద్ధతి. చట్టం దృష్టిలో అది చాలదు. రవాణా బండి నడపాలంటే 20 ఏళ్లు నిండాలి, అంతకుముందు కనీసం ఏడాదిపాటు కారు లైసెన్స్ ఉండాలి, గుర్తింపు ఉన్న స్కూల్ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న షరతును మాత్రం 2019లో తీసేశారు. ఇంకో మంచి మాట. 7,500 కిలోల లోపు రవాణా బండ్లను మామూలు ఎల్‌ఎంవీ లైసెన్స్‌తోనే నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరు 6న తేల్చింది. చిన్న పికప్ వ్యాన్లు నడుపుకునేవాళ్లకు ఇది పెద్ద ఊరట.

చేరే ముందు ఇవి అడగండి

స్కూల్ లైసెన్స్ గోడ మీద ఉందా, గడువు ఎప్పటిదాకా? కారుకి డ్యూయల్ కంట్రోల్ ఉందా? ఎన్ని రోజులు కాదు, మొత్తం ఎన్ని గంటలు స్టీరింగ్ ఇస్తారు? ఫారం 15లో రోజూ రాస్తారా? ఫీజుకి రశీదు ఇస్తారా? లెర్నర్ లైసెన్స్‌కి ప్రభుత్వానికి కట్టేది 150, దాని పరీక్షకు 50, డ్రైవింగ్ టెస్టుకి 300, లైసెన్స్‌కి 200. సర్వీస్ చార్జీలు వేరు. అంతకు మించి తీసుకునేది దేనికో విడిగా చెప్పమనండి.

లెర్నర్ లైసెన్స్ ఆరు నెలలు పనిచేస్తుంది, టెస్టుకి కనీసం 30 రోజులు ఆగాలి. ఆ రోజుల్లో ఇంటి కారు మీద సాధన చేయాలంటే పక్క సీట్లో లైసెన్స్ ఉన్న మనిషి, బండికి ముందూ వెనకా ఎర్ర 'ఎల్' ఉండాలి. 18 ఏళ్లు నిండని అబ్బాయికి ముద్దుగా కారు తాళాలు ఇస్తే, 2019 సవరణ ప్రకారం కేసు తండ్రి మీదకో, బండి యజమాని మీదకో వస్తుంది. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. స్కూల్‌కి కట్టే ఐదారు వేలు దాని ముందు ఎంత తక్కువో ఏ తండ్రైనా లెక్క వేసుకోగలడు.