నవ్వమంటే నవ్వు రాదు

గల్ఫ్‌కు కొత్తగా వచ్చినవాళ్లు ఇంటికి పంపే మొదటి ఫొటో ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పేయొచ్చు. వెనక ఎవరిదో పెద్ద కారు, లేదంటే బుర్జ్ ఖలీఫా. కళ్లకు నల్లద్దాలు. ఒక చెయ్యి ప్యాంటు జేబులో. మొహం మాత్రం పాస్‌పోర్టు ఫొటోలో ఉన్నట్టే! తప్పేం లేదు. ఊళ్లో నలుగురికీ చూపించుకోవడానికి అలాంటిదొకటి ఉండాల్సిందే. అప్పిచ్చినవాడికీ కాస్త ధైర్యంగా ఉంటుంది. కానీ ఇంట్లోవాళ్లు ఆ ఫొటోలో వెతికేది కారును కాదు కదా..

షార్జాలో మా రూమ్‌లో జగిత్యాల వైపు మనిషి ఒకాయన ఉండేవాడు. స్టీల్ ఫిక్సర్ పని. ఇంటికి పంపిన ఫొటోలన్నీ మాల్ ముందో, పార్కులోనో చేతులు కట్టుకుని దిగినవే. ఒక సెలవు రోజు పొద్దున వంటగదిలో ఉల్లిగడ్డలు కోస్తూ, ఎవరో అన్న మాటకు తల తిప్పి పకపకా నవ్వాడు. పక్కనే ఉన్న మేనల్లుడు ఫోన్‌తో టక్కున తీసేశాడు. బనియను, భుజాన తువ్వాలు, వెనక మసిబట్టిన గోడ. ‘ఇది పంపకురా, ఇజ్జత్ పోతది’ అన్నాడు. ‘పంపిన మామా’ అన్నాడు వాడు.

రాత్రి తల్లి ఫోన్ చేసింది. ‘ఇన్ని దినాలకు నా కొడుకు కనవడ్డడు’ అని సంబరపడింది. ఆ వెంటనే ఇంకో మాట.. ‘ఏలుకు ఆ కట్టేంది బిడ్డా?’ సైట్‌లో దెబ్బ తగిలి పది రోజులైంది. ఇంట్లో చెప్పలేదు. నిజమైన ఫొటోతో వచ్చిన చిక్కే ఇది. నవ్వుతో పాటు కట్టు కూడా కనిపిస్తుంది.

కన్ను అబద్ధమాడదు

ఫ్రాన్స్ డాక్టర్ డుషెన్ 1862లోనే నవ్వుల తేడా గురించి రాశాడు. పెదాల చివర్లను పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది. కంటి చుట్టూ ఉన్న కండరం మాత్రం లోపల సంతోషం ఉంటేనే కదులుతుందని ఆయన గమనించాడు. (కళ్లతోనూ నటించగలవాళ్లు ఉన్నారని తర్వాతి పరిశోధకులు తేల్చారు, అది వేరే సంగతి.) అందుకే ‘స్మైల్ ప్లీజ్’ అంటే పళ్లు కనిపిస్తాయి తప్ప మనిషి కనిపించడు. అలా అనే బదులు మాట్లాడించండి. చిన్నప్పుడు ఎవరి చెట్టు మామిడికాయలు దొంగిలించావని అడగండి. జవాబు చెప్పేటప్పుడు కాదు, చెప్పడం అయ్యాక ఒక్క క్షణం మొహంలో ఆ జ్ఞాపకం నిలుస్తుంది చూశారా.. అప్పుడు నొక్కాలి.

మిగతావి చిన్న విషయాలే. ముందు లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. మన ఫోన్లకు నూనె, సిమెంటు దుమ్ము మామూలే! మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. గుమ్మంలోనో కిటికీ దగ్గరో వెలుతురు వైపు మొహం పెట్టి కూర్చోబెడితే కంట్లో మెరుపు వస్తుంది. మరీ దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి కాబట్టి నాలుగైదడుగులు వెనక్కి జరగండి. మొహాన్ని నున్నగా చేసే బ్యూటీ మోడ్ తీసేయండి. ఎండకు కమిలిన చర్మం కూడా మనదే.

అడిగే తీయాలి

ఆయన్ను తీసింది మేనల్లుడు కాబట్టి సరిపోయింది. పరాయివాళ్లనైతే అడక్కుండా తీయొద్దు. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం, అనుమతి లేకుండా ఒకరి ఫొటో తీసినా, పంచినా కనీసం 6 నెలల జైలు, లక్షన్నర నుంచి 5 లక్షల దిర్హాంల దాకా జరిమానా పడొచ్చు. రెండూ పడొచ్చు, ఏదో ఒకటీ పడొచ్చు.

చట్టం సంగతి అటుంచితే, 1936లో అమెరికాలో బఠాణీ చేల కూలీల డేరాల దగ్గర డొరోథియా లాంజ్ ఒక తల్లి ఫొటో తీశారు. ‘మైగ్రెంట్ మదర్’ పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. ఆ తల్లి పేరైనా లాంజ్ అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థామ్సన్ అని 1978లో బయటికొచ్చింది. ఆ ఫొటోతో తనకు పైసా రాలేదని, తీయకుండా ఉంటేనే బాగుండేదని ఆమె బాధపడ్డారు. ఇంటికి మాట్లాడి ఫోన్ పెట్టేశాక మనవాళ్ల మొహంలో కనిపించేది కూడా నిజమైన భావమే. ఆ మొహాన్ని మాత్రం తీయొద్దనే నేనంటాను.

సెలవు మీద ఇంటికెళ్లినప్పుడు..

అక్కడ ఇంకో తంటా. ఫోన్ ఎత్తగానే అమ్మ చీర మార్చుకోవడానికి లోపలికి పరుగెడుతుంది. నాన్న కుర్చీలో బిగుసుకుపోతాడు. వాళ్ల తప్పు కాదు. వాళ్లకు ఫొటో అంటే రేషన్ కార్డు, పింఛను, బ్యాంకు పుస్తకం. అక్కడ కదలొద్దన్నారు, నవ్వొద్దన్నారు. ఒక రోజంతా ఫోన్ చేతిలోనే పెట్టుకుని తిరగండి, సాయంత్రానికి వాళ్లే మర్చిపోతారు. అమ్మ బియ్యం ఏరుతున్నప్పుడు, నాన్న గొడ్డుకు గడ్డి వేస్తున్నప్పుడు తీసుకోండి.

తీసేది ఎవరన్నదీ ముఖ్యమే. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టి, ఒక ఇంగ్లిష్ మహిళకు అప్పగించారు. కువైట్ ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లు కూడా సాటి ఆడవాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

మా రూమ్ ఆయన ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. ఆ వంటగది ఫొటోను తల్లి కరీంనగర్‌లో ప్రింటు తీయించి, పటం కట్టించి పెట్టుకుంది. మాల్ ముందు దిగినవన్నీ పాత ఫోన్‌తో పాటే పోయాయట.