స్పోర్ట్స్ కార్లలో ఫైబర్‌గ్లాస్, కాంపోజిట్ పదార్థాలు

ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్ మొదలైనవి స్పోర్ట్స్ కార్ల బాడీ నిర్మాణంలో ఉక్కు, అల్యూమినియం రేకులకు బదులుగా వాడే కాంపోజిట్ పదార్థాలు. వీటినే తెలుగులో సంయుక్త పదార్థాలు అనవచ్చును. ఇవి తేలికైనవి, తుప్పు పట్టనివి. అయితే ఇవి సాధారణ కార్లలో కంటే స్పోర్ట్స్ కార్లలోనే ఎక్కువగా కనిపించడానికి బరువు ఒక్కటే కారణం కాదు. ఒక నమూనాలో ఎన్ని కార్లు తయారు చేయాలి అనే లెక్క కూడా అంతే ముఖ్యమైన కారణం.

సంయుక్త పదార్థం అనగా

రెండు పదార్థాలు తమ గుణాలను కోల్పోకుండా కలిసి, విడివిడిగా దేనికీ లేని బలాన్ని ఇచ్చినప్పుడు దానిని సంయుక్త పదార్థం అంటారు. పల్లెలలో గోడలు పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కడం ఇటువంటిదే. మట్టి గోడకు ఆకారాన్ని ఇస్తుంది, గడ్డి ఆ మట్టి పగిలి విడిపోకుండా పట్టి ఉంచుతుంది. ఫైబర్‌గ్లాస్‌లో గడ్డి స్థానంలో సన్నని గాజుపోగులు, మట్టి స్థానంలో పాలియెస్టర్ లేదా ఎపాక్సీ రెజిన్ ఉంటాయి.

పెళుసైన గాజుకు బలం ఎలా వచ్చింది? గాజు పగలడానికి కారణం దానిలోను, దాని ఉపరితలం మీద ఉండే అతి సూక్ష్మమైన పగుళ్లు. గాజును సన్నని పోగుగా లాగినకొద్దీ పెద్ద పగుళ్లకు అవకాశం తగ్గి, బలం పెరుగుతుంది. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఎ.ఎ.గ్రిఫిత్ ఈ సంగతిని 1921లో ప్రచురించిన పరిశోధనలో వివరించాడు.

ఒక ఘన సెంటీమీటరు పదార్థం బరువు సుమారుగా ఇలా ఉంటుంది:

* ఉక్కు – 7.8 గ్రాములు
* అల్యూమినియం – 2.7 గ్రాములు
* ఫైబర్‌గ్లాస్ – 1.5 నుండి 2 గ్రాములు
* కార్బన్ ఫైబర్ కాంపోజిట్ – 1.6 గ్రాములు

తయారీ విధానం

ఉక్కు రేకును కారు ఆకారానికి వంచాలంటే భారీ ప్రెస్సులు, ఒక్కొక్క భాగానికి విడివిడిగా ఉక్కు డైలు కావాలి. ఆ ఖర్చు లక్షల కార్ల మీద పంచినప్పుడే గిట్టుబాటు అవుతుంది. ఫైబర్‌గ్లాస్‌కు ఒక మూస చాలును. మూసకు అంటుకోకుండా మైనం పూసి, పైపొరగా జెల్‌కోట్ వేసి, దానిపై గాజుపోగుల గుడ్డను పరచి, గట్టిపరిచే రసాయనం కలిపిన రెజిన్‌ను కుంచెతోను, రోలరుతోను అద్దుతారు. గాలిబుడగలు మిగిలితే అక్కడ బలం తగ్గుతుంది. రెజిన్ గట్టిపడిన తరువాత భాగాన్ని మూస నుండి విడదీస్తారు. ఈ పని నిదానమైనది, కాని పెట్టుబడి స్వల్పం. కావున కొద్ది సంఖ్యలో కార్లు చేసేవారికి ఇది అనుకూలమైనది.

చరిత్ర

1953లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ షెవర్లే కార్వెట్‌ను ఫైబర్‌గ్లాస్ బాడీతో విడుదల చేసింది. ఆ సంవత్సరం చేసినవి 300 కార్లు మాత్రమే. డైల కోసం వేచి ఉండకుండా త్వరగా మార్కెట్టులోకి రావడానికి ఫైబర్‌గ్లాస్ తోడ్పడింది. ఈ కారులో బరువును మోసేది కింది ఉక్కు చట్రమే. బాడీ కేవలం తొడుగు వంటిది.

1957లో లండన్ మోటార్ షోలో ప్రదర్శించిన లోటస్ ఎలీట్ మరొక అడుగు ముందుకు వేసింది. కాలిన్ చాప్‌మన్ నెలకొల్పిన ఈ సంస్థ ప్రత్యేక చట్రాన్ని తీసివేసి, ఫైబర్‌గ్లాస్ బాడీయే బరువును మోసేలా చేసింది. ఇటువంటి నిర్మాణాన్ని మోనోకాక్ అంటారు. కారు బరువు సుమారు 500 కిలోలే. అయితే తయారీ ఖర్చుతో కూడినది కావడంతో, 1962 నాటి లోటస్ ఎలాన్‌లో మళ్ళీ ఉక్కు వెన్నెముక చట్రాన్నే వాడి, దానిపై ఫైబర్‌గ్లాస్ బాడీని అమర్చారు.

కార్బన్ ఫైబర్ రాక

గాజుపోగులు లాగితే తెగవు కాని కొంత సాగుతాయి. మోనోకాక్‌కు బలంతో పాటు దృఢత్వం కూడా కావాలి. ఈ లోటును కార్బన్ ఫైబర్ తీర్చింది. 1960వ దశకంలో ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనా కేంద్రంలో బలమైన కార్బన్ పోగులను తయారు చేసే పద్ధతి రూపొందింది. పోగు బలం దాని పొడవు దిశలోనే ఉంటుంది. కావున పొరలను వేర్వేరు కోణాలలో పేర్చి, ఆటోక్లేవ్ అనే పొయ్యిలో వేడి, పీడనం కింద గట్టిపరుస్తారు.

1981లో జాన్ బర్నార్డ్ రూపొందించిన మెక్‌లారెన్ ఎంపీ4/1 కార్బన్ ఫైబర్ మోనోకాక్‌తో ఫార్ములా వన్ పందేలలో ప్రవేశించింది. ఇటువంటి నిర్మాణం దెబ్బకు ముక్కలైపోతుందని అనుమానించినవారు ఉన్నారు. ఆ ఏడాది ఇటలీలోని మోంజాలో ఈ కారు ఘోర ప్రమాదానికి గురై, ఇంజను వెనుక భాగంతో సహా ఊడిపోయింది. డ్రైవరు జాన్ వాట్సన్ గాయాలు లేకుండా బయటపడ్డాడు. ఆ అనుమానం తగ్గడానికి ఈ సంఘటన ఎంతగానో తోడ్పడింది.

1992లో వచ్చిన మెక్‌లారెన్ ఎఫ్1 ఇదే నిర్మాణాన్ని రహదారి కారులో ఉపయోగించింది. మొత్తం 106 కార్లు మాత్రమే తయారయ్యాయి. 2013 నుండి 2020 వరకు తయారైన ఆల్ఫా రోమియో 4సీలో కార్బన్ ఫైబర్ మోనోకాక్ బరువు 65 కిలోలు. దాని బయటి పలకలు గాజుపోగుల కాంపోజిట్‌తో చేసినవి. బరువును మోసే చోట ఖరీదైన కార్బన్, తొడుగుకు చవకైన గాజు అన్నమాట.

లోపాలు, జాగ్రత్తలు

* ఉక్కు రేకు దెబ్బ తింటే సొట్ట కనిపిస్తుంది. కార్బన్ ఫైబర్‌లో పైపొర బాగానే ఉన్నా లోపలి పొరలు విడిపోయి ఉండవచ్చును. దీనిని అల్ట్రాసౌండ్ వంటి పరీక్షలతో కనుగొంటారు.
* ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు, కాని దాని కింది ఉక్కు చట్రం తుప్పు పడుతుంది. పాత కారు కొనేవారు మెరిసే బాడీని కాక చట్రాన్ని పరీక్షించాలి.
* కార్బన్ నేరుగా అల్యూమినియాన్ని తాకి, అక్కడ తేమ చేరితే అల్యూమినియం క్షయిస్తుంది. అందువలన మధ్యలో గాజుపోగుల పొరను వేస్తారు.
* పగిలిన ఫైబర్‌గ్లాస్‌ను కొత్త గుడ్డ, రెజిన్‌తో అతకడం సులభమే. కాని రుద్దేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు, చర్మానికి హాని చేస్తుంది. ముసుగు, చేతి తొడుగులు తప్పనిసరి.
* ఉక్కు, అల్యూమినియంలను కరిగించి తిరిగి వాడవచ్చును. ఒకసారి గట్టిపడిన ఈ రెజిన్లు మళ్ళీ కరగవు. రెజిన్‌ను వేడితో తొలగించి కార్బన్ పోగులను వేరుచేయవచ్చును. అయితే అలా దక్కేవి చాలావరకు పొట్టి పోగులు, వాటి బలం మొదటి దానితో సరితూగదు. తేలికదనంతో ఇంధనాన్ని ఆదా చేసే ఈ పదార్థం, కారు ఆయుష్షు తీరిన తరువాత ఇలా సమస్యగా మిగులుతున్నది.